ఈస్టు, వెస్టు: రెండు ఇంగ్లీషు మాటల ఉచ్చారణ

గోదావరి డెల్టాలో ఎవరినైనా "మీది ఏ జిల్లా అండి?" అని అడిగితే, "మాది ఈస్టండి" అనో, "మాది వెస్టండి" అనో జవాబు వస్తుంది. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అనే పేర్లు కాగితములపై ఉన్నా, జనుల నోట నలిగేవి ఈ రెండు ఇంగ్లీషు మాటలే. 1925లో అప్పటి గోదావరి జిల్లాకు తూర్పు గోదావరి అని పేరు మార్చి, కృష్ణా జిల్లానుండి కొంత ప్రాంతమును వేరుచేసి పశ్చిమ గోదావరి జిల్లాను ఏర్పరచినారు. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి మరికొన్ని కొత్త జిల్లాలు వచ్చినా, రాజమహేంద్రవరము కేంద్రముగా తూర్పు గోదావరి, భీమవరము కేంద్రముగా పశ్చిమ గోదావరి నిలిచే ఉన్నవి. ధవళేశ్వరము ఆనకట్ట క్రింది ఆయకట్టును కూడా ఈస్టర్న్ డెల్టా, సెంట్రల్ డెల్టా, వెస్టర్న్ డెల్టా అని మూడు భాగములుగా చెప్పుట వాడుక. కాబట్టి ఇక్కడి విద్యార్థికి బడిలో ఇంగ్లీషు పాఠము మొదలుకాక పూర్వమే ఈ రెండు మాటలు పరిచయము.

అయినా ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మనము తరచుగా తప్పు పలికే మాటలలో ఇవి కూడా చేరినవి. జీవశాస్త్ర పుస్తకములో 'ఈస్టు' అనే సూక్ష్మజీవిని గురించి చదువుతాము. రొట్టె పిండిని పొంగించేది, చక్కెర ద్రావణమును పులియజేసేది అదే. తూర్పు దిక్కు పేరు కూడా మన వ్రాతలో 'ఈస్టు'. తెలుగు లిపిలో ఈ రెంటికీ తేడా లేదు. ఇంగ్లీషులో మాత్రము అవి రెండు వేరు మాటలు. తూర్పునకు 'ఈస్ట్' అనీ, సూక్ష్మజీవికి 'యీస్ట్' అనీ పలకవలెను. మనము "యీస్ట్ గోదావరి" అన్నప్పుడు ఆంగ్లేయుని చెవికి అది పులిసిన పిండి గోదావరి! అట్లే 'వెస్ట్' అనేచోట పెదవులు సరిగా అమరకపోతే పడమటి దిక్కు కాస్తా బనియను అయిపోతుంది. ఇట్లా ఎందుకు జరుగుతుందో, దీనిని సరిదిద్దుకొనే మార్గమేమిటో చూద్దాము.

ఏది తప్పు, ఏది కాదు

ముందుగా ఒక సంగతి స్పష్టము చేసుకొనవలెను. తెలుగు మాట్లాడేటప్పుడు 'ఈస్టు', 'వెస్టు', 'బస్సు', 'రైలు', 'టికెట్టు' అనుట తప్పు కాదు. అవి మన భాషలోకి వచ్చి, మన భాషా నియమములకు లోబడి, తెలుగు మాటలైనవి. డెల్టా కాలువలమీద పడవలు ఎక్కుటకు దిగుటకు కట్టిన ద్వారములను మనము 'లాకులు' అంటాము. కాటన్ దొర పర్యవేక్షణలో 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ఆనకట్టతో, కాలువలతోపాటు వచ్చిన మాట అది. మూలములోని ఇంగ్లీషు అచ్చు హ్రస్వము. మన మాటలో 'లా' దీర్ఘము, చివర 'ఉ'కారము. అంతమాత్రాన 'లాకులు' అనే రైతును సరిదిద్దబోవుట తెలివితక్కువ.

తెలుగు మాటలు సాధారణముగా అచ్చుతో ముగుస్తవి. అందుచేత హల్లుతో ముగిసే పరభాషా పదము వచ్చినప్పుడు మనము చివర ఒక 'ఉ'కారము చేరుస్తాము. హల్లుకు ముందున్న అచ్చు హ్రస్వమైతే ఆ హల్లును తరచుగా ద్విత్వము చేస్తాము: బస్సు, పెన్ను, కప్పు. అచ్చు దీర్ఘమైతే చేయము: కారు, రైలు, గేటు. ఈ నియమమును మనకు ఎవరూ బడిలో నేర్పలేదు. అయినా ఒక్కరు కూడా 'కప్పు'ను 'కపు' అనరు. మాతృభాషా నియమములు ఇట్లా మనకు తెలియకుండానే మనలను నడిపిస్తవి.

ఆ నియమములనే ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు కూడా పాటిస్తే చిక్కు వస్తుంది. అందులోనూ అన్ని చిక్కులూ సమానము కావు. వినేవారికి యాసగా మాత్రమే తోచేవి కొన్ని. మాటనే మార్చివేసేవి కొన్ని. మొదట దిద్దుకొనవలసినవి రెండవ రకమువి.

'ఈ'కి ముందు వచ్చే 'య'

తెలుగు మాటలకు మొదట యకారము లేదనీ, వు, వూ, వొ, వో అనేవి కూడా లేవనీ చిన్నయసూరి బాలవ్యాకరణములో సూత్రీకరించినాడు. ఆ ప్రకారము మనము ఇల్లు, ఏమి, ఊరు, ఒకటి అని వ్రాస్తాము. కాని వాడుకలో పలికేది యిల్లు, యేమి, వూరు, వొకటి. పాత ఉత్తరములలోను, దస్తావేజులలోను వ్రాత కూడా ఇట్లే కనబడుతుంది. వ్యాకరణము లేదన్న యకార వకారములను నాలుక తెచ్చి పెడుతున్నది.

ఇది సోమరితనము వల్ల వచ్చినది కాదు. ఇ, ఈ, ఎ, ఏ అనే అచ్చులను పలికేటప్పుడు నాలుక ముందు భాగము అంగిటివైపు లేస్తుంది. యకారమునకు కూడా అంతే, మరికొంచెము దగ్గరకు లేస్తుంది. ఉ, ఊ, ఒ, ఓలకు పెదవులు గుండ్రన అవుతవి. వకారమునకు కూడా పెదవులే దగ్గరపడతవి. అందుచేత మొదటి జట్టు అచ్చులకు ముందు యకారము, రెండవ జట్టు అచ్చులకు ముందు వకారము జారివచ్చుట సహజము. మాటల నడుమ సంధి జరగని చోట వచ్చే యడాగమమును విద్యార్థులు ఎరుగుదురు: మా + అమ్మ = మాయమ్మ. మాట మొదట జరిగేది దానికి చుట్టము వంటిదే.

నిత్యవ్యవహారములో దీనికి సాక్ష్యములు అనేకము. శాసనసభ్యుని పదవికి ఇంగ్లీషులో మూడు పొడి అక్షరములు: ఎం, ఎల్, ఏ. ఆ మూడూ కలిసి తెలుగులో 'ఎమ్మెల్యే' అయినవి. చివరి 'ఏ'కు ముందు యకారము వచ్చి కూర్చున్నది. ఇంటిపేరు పొడి అక్షరములను యన్, యస్, యం అని వ్రాసుకొనేవారు మనలో ఎందరో. నేడు చేతిఫోనులలో సందేశములు పంపుకొనే యువకులు 'ఔను' అనే అర్థములో ఒక్క 'ఎస్' అక్షరమును మాత్రమే వేస్తున్నారు. వారి చెవికి ఆ అక్షరము పేరూ, ఔను అనే ఇంగ్లీషు మాటా ఒకటే.

తెలుగులో ఇందువల్ల నష్టము లేదు. 'ఇల్లు' అన్నా 'యిల్లు' అన్నా ఇల్లే. ఇంగ్లీషులో ఆ యకారము ఉండుట, లేకపోవుటనుబట్టి అర్థము మారుతుంది:

ఈస్ట్ – తూర్పు. యీస్ట్ – పులియజేసే సూక్ష్మజీవి.
ఇయర్ – చెవి. యియర్ – సంవత్సరము.
ఎస్ – ఒక అక్షరము; యెస్ – ఔను.
ఎల్ – ఒక అక్షరము. యెల్ – కేక వేయుట.
ఓ – ఒక అక్షరము. వో – దుఃఖము.
ఓక్ – ఒక చెట్టు. వోక్ – మేలుకొనెను.

ఈ తప్పు రెండువైపులా జరుగుతుంది. లేని యకారమును చేర్చుట ఒకటి. ఉన్నదానిని వదలుట రెండవది. జనవరి ఒకటవ తేదీన మనము శుభాకాంక్షలు చెప్పుతూ "హ్యాపీ న్యూ ఇయర్" అని వ్రాస్తాము. ఉన్నది ఉన్నట్లు చదివితే అది కొత్త చెవికి శుభాకాంక్ష! వకారము విషయములోను ఇంతే. ఇంగ్లీషులో వకారముతో మొదలయ్యే ఉన్ని పేరు మనకు 'ఊలు' అయినది. స్త్రీల కళాశాల 'ఉమెన్స్ కాలేజి' అయినది. యి, ఇ అనే రెంటిని గాని, వు, ఉ అనే రెంటిని గాని మన భాష వేరుగా లెక్కించదు. కనుక ఒకచోట చేర్చుట, మరొకచోట వదలుట రెండూ ఒకే కారణమువల్ల వచ్చే తప్పులు.

మనకు 'వ' ఒకటి, ఇంగ్లీషుకు రెండు

ఇక 'వెస్ట్' సంగతి. ఇంగ్లీషులో 'వి' అనే అక్షరమునకు ఒక ధ్వని, 'డబ్ల్యు' అనే అక్షరమునకు మరొక ధ్వని ఉన్నవి. 'వి' ధ్వనికి పై పలువరుస క్రింది పెదవిని ఆనుతుంది. గాలి ఆ సందులోనుండి రాసుకొంటూ బయటకు వస్తుంది. 'డబ్ల్యు' ధ్వనికి పళ్లతో పనిలేదు; రెండు పెదవులు గుండ్రముగా ముందుకు వస్తవి. తెలుగు వకారము ఈ రెంటికీ మధ్యస్థము. పెదవి పళ్లకు దగ్గరగా పోతుంది గాని రాపిడి ఉండదు. పెదవులు అంతగా గుండ్రన కావు. అందుచేత మన వకారముతో రెండు మాటలూ పలికితే, వినేవారికి ఏది ఏదో తెలియదు.

'డబ్ల్యు'తో 'వెస్ట్' అంటే పడమర. 'వి'తో అంటే లోపల తొడుగుకొనే బనియను. 'డబ్ల్యు'తో 'వైన్' అంటే ద్రాక్షసారాయి. 'వి'తో అంటే ద్రాక్షతీగె. 'డబ్ల్యు'తో 'వెట్' అంటే తడి; 'వి'తో అంటే పశువైద్యుడు. ఈ జంటలను తెలుగు లిపిలో వేరుగా చూపుటకు వీలులేక అక్షరముల పేర్లు చెప్పవలసి వచ్చినదంటేనే, చిక్కు ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది.

'డబ్ల్యు' అనే పేరులోనే దాని ఉచ్చారణకు కొండగుర్తు ఉన్నది. ఆ పేరుకు అర్థము 'రెండు యు'లు. పూర్వము ఆ ధ్వనిని రెండు 'యు' అక్షరములు ప్రక్కప్రక్కన వేసి వ్రాసేవారు. అనగా అది ఉకారమునకు దగ్గరి చుట్టము. 'ఉ' అని మొదలుపెట్టి వెంటనే 'ఎస్ట్' అనండి. 'ఉఎస్ట్', 'ఉఎస్ట్' అని వేగముగా అంటూపోతే పడమర పేరు సరిగా వస్తుంది. నడుమ 'ఎ' హ్రస్వముగానే ఉండవలెను. దీర్ఘము చేస్తే 'వేస్ట్' అయి, వృథా అనే అర్థము వస్తుంది.

చెవి ఎందుకు పట్టుకొనదు

తరగతిలో ఒక విద్యార్థి "యీస్ట్" అంటాడు. ఉపాధ్యాయుడు "అట్లా కాదు, ఈస్ట్" అంటాడు. విద్యార్థి మరల "యీస్ట్" అంటాడు. పదిసార్లు అనిపించినా మార్పు ఉండదు. మొండివాడనో, మందబుద్ధి అనో ముద్రపడుతుంది. నిజమునకు అతనికి తాను పలికినదీ, ఉపాధ్యాయుడు పలికినదీ ఒకటిగానే వినబడుతున్నవి. తేడా వినబడనివాడు దేనిని దిద్దుకొంటాడు?

త్రుబెత్‌స్కోయ్ అనే రష్యన్ భాషాశాస్త్రజ్ఞుడు 1939లో వెలువడిన గ్రంథములో మాతృభాషా ధ్వని వ్యవస్థను జల్లెడతో పోల్చినాడు. విన్న పరభాషా ధ్వనులన్నీ ఆ జల్లెడలోనుండి రావలసిందే. మన భాషకు అవసరమైన తేడాలు నిలుస్తవి, అక్కరలేనివి జారిపోతవి.

ఈ జల్లెడ ఎప్పుడు తయారవుతుంది? 1984లో కెనడాలో వెర్కర్, టీస్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగములు దీనికి జవాబు చెప్పినవి. వారు ఎన్నుకొన్న ధ్వనులలో హిందీలోని త, ట అనే జంట ఒకటి. ఇంగ్లీషు మాట్లాడే ఇండ్లలోని ఆరు మొదలు ఎనిమిది నెలల శిశువులు ఆ తేడాను పసిగట్టగలిగినారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు సన్నగిల్లినది. ఇంగ్లీషుకు త, టల భేదము అక్కరలేదు గనుక వారి చెవి దానిని వదలివేసినది. మనకు 'తాత' వేరు, 'టాటా' వేరు. ఆంగ్లేయునకు ఆ రెండూ చాలావరకు ఒకటే.

మన ఊళ్ల పేర్లలోనే దీనికి నిదర్శనము చూడవచ్చును. కాకినాడను 'కొకనాడ' అనీ, ఏలూరును 'ఎల్లోర్' అనీ ఆంగ్లేయులు వ్రాసినారు. ధవళేశ్వరములోని ధకార ళకారములు వారి భాషలో లేవు; కనుక ఆ పేరు వారి నోట మరొక రూపము దాల్చినది. వారు మందబుద్ధులు కారు. వారి జల్లెడ వేరు, మన జల్లెడ వేరు.

అయితే పెద్దయిన తరువాత ఈ జల్లెడను మార్చలేమా? మార్చవచ్చును. జపాను భాషలో ర, ల అనే భేదము లేదు. జపాను యువకులకు ఇంగ్లీషులోని ఆ రెండు ధ్వనులను పలువురి గొంతులతో, పలు మాటలలో వినిపించి, ప్రతిసారీ అది తప్పో ఒప్పో వెంటనే చెప్పుతూ శిక్షణ ఇచ్చినారు. వినుటలో వారు మెరుగుపడినారని 1991లో ప్రకటించిన పరిశోధన చూపినది. 1997లో ప్రకటితమైన మరొక పరిశోధన మరింత ఆసక్తికరమైనది: వినుటలో మాత్రమే శిక్షణ పొందినవారికి పలుకుటలో కూడా మెరుగుదల కనిపించినది. చెవికి నేర్పితే నోటికి కూడా కొంత వస్తుందన్నమాట.

చెవికి పరీక్ష

దీనిని ఏ బడిలోనైనా చేయవచ్చును. ఖర్చు లేదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై 1 అని వ్రాసి దానికి ఎదురుగా 'తూర్పు' అనీ, 2 అని వ్రాసి దానికి ఎదురుగా 'సూక్ష్మజీవి' అనీ వ్రాయవలెను. తరువాత నోటికి అడ్డముగా కాగితము పెట్టుకొని, ఆ రెండు ఇంగ్లీషు మాటలను ఏదో ఒక వరుసలో ఇరవైసార్లు పలకవలెను. తాను పలికిన వరుసను ముందే వ్రాసి ఉంచుకొనవలెను. విద్యార్థులు విన్నదానినిబట్టి 1 గాని, 2 గాని వ్రాస్తారు.

బొత్తిగా తేడా వినబడనివాడు కూడా ఊహతో సుమారు పది సరిగా వ్రాయగలడు. నాణెము ఎగురవేసినా అంతే వస్తుంది. కాని ఊహతో మాత్రమే పదిహేనుగాని అంతకు మించిగాని సరిపడుట, సంభావ్యత లెక్క ప్రకారము, నూటికి రెండు సార్లు మాత్రమే జరుగుతుంది. కనుక పదిహేను దాటినవానికి తేడా వినబడుతున్నదని నమ్మవచ్చును. అంతకు తక్కువ వచ్చినవారిని పలకమని బలవంతపెట్టక, మరికొన్ని దినములు వినిపించవలెను. ఉపాధ్యాయుని గొంతు ఒక్కటే చాలదు. రేడియో, ధ్వనిముద్రణలు, ఫోనులో దొరికే ఉచ్చారణ నిఘంటువులు ఇందుకు ఉపకరిస్తవి. ఉపాధ్యాయుడు కూడా ముందుగా ధ్వనిముద్రణతో తన చెవిని పరీక్షించుకొనుట మంచిది. ఇదే పద్ధతిలో 'ఇయర్' జంటను, 'వెస్ట్' జంటను పరీక్షించవచ్చును.

నోటికి సాధన

యకారమును వదలుటకు ఒక సులభమైన ఉపాయము ఉన్నది. హల్లుతో మొదలయ్యే మాటను ముందు పలికి, ఆ హల్లును తీసివేయుట. 'బీస్ట్' అంటే మృగము, 'ఫీస్ట్' అంటే విందు. 'బీస్ట్, ఫీస్ట్, ఈస్ట్' అని వరుసగా అనండి. మొదటి రెంటిలో యకారము లేదు. ఆ ఊపులోనే మూడవది అంటే దానిలోను రాదు. అట్లే 'డియర్, ఫియర్, ఇయర్'. ఇంకను యకారము జారివస్తుంటే, చిన్న దగ్గుకు ముందు గొంతు మూసుకొన్నట్లు ఒక్క క్షణము ఆపి, 'ఈ' అని విడువవలెను. యకారమును తెచ్చుటకు దీనికి విరుద్ధముగా చేయవలెను: నాలుకను అంగిటికి బాగా దగ్గరగా లేపి, 'య్' అని ఒక క్షణము నిలిపి, 'ఇయర్'లోకి దిగితే సంవత్సరము పేరు వస్తుంది.

'వి', 'డబ్ల్యు'లకు అద్దము చాలును. 'వి' పలికేటప్పుడు అద్దములో పై పళ్ల అంచు క్రింది పెదవిపై కనబడవలెను. ఆ ధ్వనిని తుమ్మెద రొదవలె ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చును. పెదవిపై వ్రేలు ఆనిస్తే జలదరింపు తెలుస్తుంది. 'డబ్ల్యు' పలికేటప్పుడు దీపము ఊదేవాని పెదవులవలె ఉండవలెను, పళ్లు పెదవికి తగలరాదు. దానిని సాగదీస్తే 'ఊ' అవుతుంది. తాను పలికేది ఏదో తెలియని విద్యార్థికి ఈ సాగదీయుట మంచి పరీక్ష.

ఇక చివరి 'స్ట్'. తెలుగు అలవాటుచొప్పున దానికి 'ఉ'కారము తగిలిస్తాము. 'స్' అని బుస కొట్టి, నాలుకను 'ట్' దగ్గర ఆపి, గొంతును కదపక గాలిని మాత్రము విడిచిపెడితే 'ఉ' రాదు. గొంతుపై వ్రేళ్లు ఉంచి చూస్తే కంపనము ఆగినదో లేదో తెలుస్తుంది. ఇంగ్లీషువారి టకారము మన టకారమువలె నాలుక మడిచి పలికేది కాదు. నాలుక కొన పై పళ్ల వెనుకనున్న చిగురుపై తగులుతుంది. ఇది కుదిరితే మంచిదే. కుదరకపోయినా మాట మారదు. కాబట్టి దీనిని చివరకు ఉంచవచ్చును.

ఉపాధ్యాయులకు ఒక మనవి

తెలుగు మాధ్యమములో చదివి, కళాశాలకో ఉద్యోగమునకో పోయిన పిల్లలు ఎందరో నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడుటకు జంకుతారు. వారికి ఇంగ్లీషు రాక కాదు. ఒకప్పుడు తమ ఉచ్చారణకు నలుగురూ నవ్వినారన్న జ్ఞాపకము వారి నోరు కట్టివేస్తుంది. టెలిఫోనులో తన పేరు పొడి అక్షరములు చెప్పవలసి వచ్చి, 'ఎస్' అంటే అవతలివారు 'ఔను' అనుకొని మరల మరల అడిగితే, ఆ చిన్నవాడు కలవరపడతాడు. అది ఎక్కడనుండి వచ్చినదో ఎవరైనా ఒకనాడు విప్పి చెప్పి ఉంటే, అతడు తన తప్పును తానే దిద్దుకొనేవాడు.

అందుచేత వారమునకు రెండు దినములు, దినమునకు పది నిమిషములు ఇందుకు కేటాయించండి. మొదటి వారములలో వినుట మాత్రమే, తరువాత పలుకుట. ఒక్కసారికి ఒక్క జంట చాలును. ఈస్ట్, వెస్ట్ మాటలతోనే ఆరంభించండి; అవి పిల్లలకు తమ జిల్లాల పేర్లుగా తెలిసినవే. 'ఇల్లు'ను 'యిల్లు' అనే నాలుకే 'ఈస్ట్'ను 'యీస్ట్' అంటున్నదని వారికి చెప్పండి. తెలుగు వ్యాకరణములో చదివిన యడాగమము ఇంగ్లీషు తరగతిలో అక్కరకు వచ్చుట చూసి పిల్లలు సంతోషిస్తారు. బడి వదిలి ఇంటికి పోయిన తరువాత వారు "మాది వెస్టండి" అంటే, దానిని మాత్రము దిద్దవద్దు. అది చక్కని తెలుగు.